ఎక్స్ఛేంజి లెక్క వేరు, సర్వే లెక్క వేరు: మన జిల్లాలో నిరుద్యోగులు ఎందరని రాయాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. గజపతి జిల్లాలో చదువుకున్న పిల్లల ఉద్యోగాల పరిస్థితి మీద కలెక్టరు గారికి ఒక వినతిపత్రం రాస్తున్నాం. జిల్లాలో నిరుద్యోగులు ఎందరు అన్న మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి లైవ్ రిజిస్టర్‌లో ఉన్న పేర్లన్నీ నిరుద్యోగులవే అని రాసేయొచ్చా? పేపర్లలో వచ్చే కేంద్ర సర్వే శాతం చూస్తే నూటికి ముగ్గురు, అయిదుగురు అంటారు. మన వీధిలో డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నవాళ్లను చూస్తే ఆ అంకె నమ్మబుద్ధి కాదు. వారంలో ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే రాసుకుంటారట, నిజమేనా?

ఇంకోటి. ఇక్కడి పిల్లలు చాలామంది పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళంలో చదివి వచ్చినవాళ్లు. వాళ్లు ఒడిశా ఎక్స్ఛేంజిలో పేరు ఎక్కించుకునేటప్పుడు ఎక్కడ ఇబ్బంది వస్తోంది, ఏం సరిచూసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెబితే వినతిపత్రం వెనకాల ఒక పేజీ జతచేస్తాం.

పాతకార్డు, బరంపురం

ఎంప్లాయిమెంట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఎక్స్ఛేంజి సంగతి చెబుతాను. సర్వే సంగతి అందులో తిరిగేవాళ్లు చెబితే బావుంటుంది.

ముందుగా ఈ ఆఫీసు ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది బాబూ. నిరుద్యోగుల్ని లెక్కపెట్టడానికి పెట్టిన ఆఫీసు కాదిది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పని చూపించడానికి 1945లో మొదలుపెట్టారు. దేశవిభజన తర్వాత కాందిశీకులకు, 1948లో అందరికీ తలుపులు తెరిచారు. శివరావు కమిటీ సిఫారసు మీద 1956 నవంబరు 1 నుంచి రోజువారీ పాలన రాష్ట్రాలకు వచ్చింది. ఉద్యోగం ఇచ్చేవాడికి మనుషుల్ని, మనుషులకు ఉద్యోగాల్ని జతచేయడం దాని పని. లెక్క ఆ పనిలోంచి పడే ఉప ఉత్పత్తి.

కార్డు సంగతికి వద్దాం. మీరు పేరు నమోదు చేయిస్తే ఆఫీసులో ఉండేది ఎక్స్-1 అనే ఇండెక్స్ కార్డు, మీ చేతికి ఇచ్చేది ఎక్స్-10 గుర్తింపు కార్డు. ఇప్పుడు ఇదంతా కంప్యూటరులోకి పోయింది గానీ గడులు అవే: పేరు, పుట్టినరోజు, చదువు, కులం, అనుభవం, నమోదైన తేదీ, రెన్యువల్ చేయాల్సిన నెల, అన్నిటికన్నా ముఖ్యంగా ఎన్‌సీఓ కోడ్. అంటే జాతీయ వృత్తుల వర్గీకరణలో మీరు ఏ పనికి సరిపోతారో చెప్పే నంబరు. 2015 వర్గీకరణలో ఇది ఎనిమిది అంకెలది. కంపెనీ నుంచి వెల్డరు కావాలని కాగితం వస్తే క్లర్కు తీసేది వెల్డరు కోడ్ కింద ఉన్న కార్డుల్నే. ఐటీఐ ఫిట్టరు చేసి, డిగ్రీ కూడా చేసి, ఫారంలో డిగ్రీ ఒక్కటే రాసినవాడి పేరు ఫిట్టరు పోస్టుకు పైకి రాదు, ఎన్నేళ్ల సీనియారిటీ ఉన్నా సరే. చదువు పెరిగినప్పుడు, లైసెన్సు వచ్చినప్పుడు, అనుభవం సర్టిఫికెట్ చేతికి అందినప్పుడు కార్డులో చేర్పించుకోవాలి. ఈ ఒక్క పని చేయనివాళ్లే ఎక్కువ.

ఇక లైవ్ రిజిస్టర్ అంటే రద్దు కాకుండా మిగిలి ఉన్న కార్డుల మొత్తం. అంతకుమించి దానికి అర్థం లేదు. ఊరికే ఉదాహరణకు ఒక నెల లెక్క వేద్దాం. నెల మొదట్లో 20,000 కార్డులు. కొత్తగా చేరినవి 400, వేరే ఎక్స్ఛేంజి నుంచి బదిలీ అయి వచ్చినవి 20. ఉద్యోగం వచ్చి తీసేసినవి 15. రెన్యువల్ చేయించుకోక రద్దయినవి 900. నెలాఖరుకు 19,505. పేపరువాళ్లకు ఈ చివరి అంకె ఒక్కటే ఇస్తే నిరుద్యోగులు 495 మంది తగ్గారు అని రాస్తారు. నిజానికి పని దొరికింది 15 మందికి. మిగతాదంతా రెన్యువల్ నెల మరిచిపోయినవాళ్లు, విసిగి వదిలేసినవాళ్లు.

రెన్యువల్ మూడేళ్లకోసారి. 2023 మార్చిలో నమోదైతే 2026 మార్చిలో చేయించాలి. చాలాచోట్ల ఆ పైన రెండు నెలల గడువు ఇస్తారు. అదీ దాటితే పాత తేదీ పోతుంది, కొత్తవాడిలా మళ్లీ చేరాలి. సీనియారిటీ లెక్క నమోదు తేదీ నుంచే కాబట్టి నష్టం మామూలుది కాదు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: రాయకూడదు. కారణాలు రెండు వైపులా ఉన్నాయి. ఒకవైపు, కార్డున్నవాళ్లలో కాలేజీలో చదువుతున్నవాళ్లుంటారు, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ గవర్నమెంటు పోస్టు కోసం కార్డు కాపాడుకునేవాళ్లుంటారు, సూరత్ మగ్గాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న గంజాం కుర్రాళ్లుంటారు. ఉద్యోగం వచ్చినా వచ్చి చెప్పినవాడే తీసివేతలో పడతాడు, చెప్పకపోతే కార్డు మూడేళ్లూ బతికే ఉంటుంది. రెండోవైపు, నమోదు ఎవరికీ తప్పనిసరి కాదు. చదువుకోని కూలీలు, కొండమీద ఊళ్ల ఆడవాళ్లు ఎక్స్ఛేంజి మెట్టు ఎక్కరు. వాళ్లకు పని లేకపోయినా ఆ రిజిస్టరుకు తెలియదు. ఎక్కువా తక్కువా రెండూ ఒకే అంకెలో కలిసి ఉన్నాయి. ఒకదాన్ని ఇంకొకటి సరిచేస్తుందని అనుకోవద్దు.

దేశం మొత్తం మీద చూస్తే 2011 నుంచి 2013 వరకు లైవ్ రిజిస్టరు నాలుగు కోట్లు దాటి ఉంది. ఎక్స్ఛేంజిల ద్వారా ఉద్యోగంలో చేరినవాళ్లు ఏ ఏడాదీ అయిదు లక్షలకు చేరలేదు. కార్డు ఎంత విలువైనదో, ఎంత కాదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

నాగావళి ఒడ్డు, రాయగడ

పెద్దాయన చెప్పినదానికి కొనసాగింపుగా సర్వే సంగతి రాస్తాను. పేపర్లో వచ్చే శాతం పీఎల్‌ఎఫ్‌ఎస్ (ఇంటింటికీ వెళ్లి అడిగే కేంద్ర శ్రామికశక్తి సర్వే) అనేదానిది, 2017 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకుముందు అయిదేళ్లకోసారి జాతీయ నమూనా సర్వే జరిగేది. దాంత్‌వాలా కమిటీ 1970లో మన దేశంలో నిరుద్యోగాన్ని ఒకే అంకెలో చెప్పలేం, రకరకాలుగా కొలవాలి అన్నాక 1972-73లో ఆ పద్ధతి వచ్చింది. అందుకే ఇప్పటికీ రెండు మూడు కొలతలు ఉన్నాయి. పేపరువాళ్లు ఏ కొలతో చెప్పకుండా అంకె వేసేయడంతోనే సగం తగువు.

ఒకటి సాధారణ స్థితి. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం మనిషి ఏం చేశాడు అని చూస్తారు. ఎక్కువ కాలం పని లేకపోయినా, మధ్యలో 30 రోజులో అంతకన్నా ఎక్కువో ఏదైనా పని చేసి ఉంటే దాన్నీ కలుపుకుంటారు. ఈ కొలతలో దేశవ్యాప్తంగా 15 ఏళ్లు దాటినవాళ్లలో 2017-18లో 6.0 శాతం, 2023-24లో 3.2 శాతం. రెండోది వారపు స్థితి. అడిగిన రోజుకు ముందరి ఏడు రోజులు. మీరు విన్నది నిజమే, ఆ ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేస్తే పనిలో ఉన్నట్టే. 2025 నుంచి నెలనెలా ఇచ్చే అంకె ఈ వారపు స్థితిదే. మొదటి బులెటిన్ 2025 ఏప్రిల్ నెలది, 5.1 శాతం. 3.2నీ 5.1నీ పక్కన పెట్టి నిరుద్యోగం పెరిగిపోయింది అని రాస్తే తప్పు, ఆ రెండూ వేర్వేరు కొలతలు.

ఒక గంట అన్నది మనవాళ్లు కనిపెట్టింది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణమే అది. దేశంలో జరిగిన పని ఒక్క గంట కూడా లెక్క తప్పకూడదన్నది దాని ఉద్దేశం. దాంతో బతుకు గడుస్తుందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు, చెప్పాలని పెట్టిందీ కాదు.

ఇంట్లో అడిగేటప్పుడు ఏం జరుగుతుందో ఒక్క ఇల్లు తీసుకుని చూపిస్తాను. కాశీనగర్‌లో ఒక కిరాణా కొట్టు ఇల్లు అనుకోండి. పెద్దకొడుకు బీకాం, పరీక్షలకు చదువుకుంటున్నాడు, శనివారం సాయంత్రం రెండు గంటలు కొట్లో సరుకు తూచి ఇచ్చాడు. జీతం లేకపోయినా ఇంటి వ్యాపారంలో సాయం కాబట్టి కోడ్ 21, పనిలో ఉన్నట్టు. రెండోవాడు ఐటీఐ, ఆ వారం రెండు చోట్లకు దరఖాస్తు పంపాడు, పని చేయలేదు. కోడ్ 81, నిరుద్యోగి. మూడోవాడు ఎక్కడా ప్రయత్నించలేదు, పని దొరికితే రేపే వెళతానన్నాడు. వారపు స్థితిలో కోడ్ 82, వాడూ నిరుద్యోగే. కూతురు డిగ్రీ చేసింది, తండ్రిని అడిగితే ఇంట్లోనే ఉంటుందండీ అన్నాడు. కోడ్ 92, ఇంటిపనులు, అంటే శ్రామికశక్తిలోనే లేదు. ఆ అమ్మాయిని నేరుగా అడిగితే, టీచరు పోస్టు కోసం చూస్తున్నాను, ఇప్పుడు దొరికినా చేరతాను అనొచ్చు. అప్పుడు కోడ్ మారిపోతుంది. నలుగురికీ గవర్నమెంటు ఉద్యోగం కావాలి, నలుగురికీ ఎక్స్ఛేంజి కార్డు ఉండొచ్చు. రిజిస్టరులో నలుగురు, సర్వేలో ఇద్దరు.

అందుకే అడిగేవాడు రోజు రోజుకీ విడిగా అడగాలి, వీలైనంతవరకు ఆ మనిషినే అడగాలి. ఏం పనీ లేదండీ అన్న మాట పట్టుకుని 81 వేసినా తప్పే, తండ్రి మాట పట్టుకుని 92 వేసినా తప్పే. ఆడవాళ్ల దగ్గర ఈ పొరపాటు ఎక్కువ. మా వైపు జీడిపిక్కలు ఏరడం, కొట్టడం, చింతపండు గింజ తీయడం, ఆకులు కుట్టడం వంటివి ఇంట్లోవాళ్లే పనిగా చెప్పరు. అమ్మకానికి చేసిందా అని తిరగేసి అడిగితేనే బయటికొస్తుంది.

శాతం తక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పేదింటివాడు పని లేకుండా కూర్చోలేడు. పోడు, జీడితోట, కూలి, ఏదో ఒకటి చేస్తాడు, గంట దాటుతుంది, పనిలో ఉన్నవాడైపోతాడు. ఏళ్ల తరబడి ఎదురుచూడగలిగేది ఇంట్లో తిండికి కాస్త వెసులుబాటు ఉన్న చదువుకున్నవాళ్లే. సర్వేలో ఎప్పుడు చూసినా పైచదువులవాళ్లలో నిరుద్యోగ శాతం ఎక్కువ, చదువురానివాళ్లలో చాలా తక్కువ. దీన్నిబట్టి చదువురానివాళ్లు సుఖంగా ఉన్నారని అర్థం చేసుకోకూడదు.

ఇంకొక తప్పు తరచూ చూస్తుంటాను. శాతం కట్టేటప్పుడు కింద వేసేది జనాభా కాదు, శ్రామికశక్తి, అంటే పనిలో ఉన్నవాళ్లు ప్లస్ పని కోసం చూస్తున్నవాళ్లు. 1,000 మంది పెద్దల్లో 600 మంది శ్రామికశక్తిలో ఉండి, వాళ్లలో 30 మందికి పని లేకపోతే నిరుద్యోగం 5 శాతం, 3 కాదు. దయచేసి లైవ్ రిజిస్టరు సంఖ్యను జిల్లా జనాభాతో భాగించి శాతం అని రాయకండి. పైనా కిందా వేర్వేరు జాతుల అంకెలు.

సూరత్ మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. ఆరు నెలలకు మించి ఇంటికి దూరంగా ఉన్న మనిషిని ఇక్కడి ఇంటి సభ్యుడిగా రాసుకోరు. అతను గుజరాత్‌లో పనిలో ఉన్నవాడు. ఇక్కడ సర్వేకు కనబడడు, కార్డు మాత్రం గంజాంలో ఉంటుంది.

ప్రాణహిత గట్టు, సిరొంచ

నమస్తే అందరికీ. మా గడ్చిరోలి దిక్కు సంగతి కూడా కలుపుకుంటే మంచిగుంటది, ఎందుకంటే మహారాష్ట్రలో కార్డు పద్ధతే మారిపోయింది. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి అనే పేరు లేదు ఇప్పుడు. జిల్లా కౌశల్య వికాస్, రోజ్‌గార్, ఉద్యోజకతా మార్గదర్శన కేంద్రం అంటరు. నమోదు మహాస్వయం పోర్టల్‌లో, ఆధార్ నంబరు, మొబైల్‌కొచ్చే ఓటీపీతోని. సిరొంచ నుంచి గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్ల పైనే ఉన్నది కాబట్టి ఇది మాకు నిజంగా మేలు చేసింది. ఇదివరకు కార్డు రెన్యువల్ కోసం పోయి రావాలంటే రెండు దినాల కూలి పోయేది జనాలకు.

కానీ లెక్క విషయంల కొత్త చిక్కు వచ్చింది. నమోదు అలకైతే సంఖ్య పెరుగుతది, పనిలేనివాళ్లు పెరిగినందుకు కాదు. స్కీము వచ్చినప్పుడు అయితే ఇంకా. 2024ల ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన వచ్చింది: 12వ తరగతి పాసైతే నెలకు 6,000, ఐటీఐ, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 10,000 స్టయిపెండు. దానికి మహాస్వయంల నమోదు కావాలె. అట్లా చేరినవాళ్లంతా కొత్తగా పని పోగొట్టుకున్నవాళ్లు కాదు గదా. ఇంకో మాట, స్టయిపెండు తీసుకునే ట్రైనీని సర్వేల జీతం పనిలో ఉన్నట్టు రాసుకుంటరు. పోర్టల్‌ల ఆయన ఉద్యోగం వెతుక్కునే మనిషే. ఒకే మనిషి, ఒకే దినం, రెండు లెక్కలు.

మా పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌ల కూడా చూడండి. 2023 ఏప్రిల్‌ల నెలకు 2,500 భృతి మొదలుపెట్టినప్పుడు రెండేండ్ల పాత ఎక్స్ఛేంజి రిజిస్ట్రేషన్ ఉండాలె అని షరతు పెట్టిండ్రు. అట్లాంటి షరతు ఉంటే ఆశ పెట్టుకున్నోళ్లు కార్డు రద్దు కానియ్యరు. అందుకే రెండు ఏండ్ల లైవ్ రిజిస్టరు పోల్చేముందు మధ్యల ఏ స్కీము వచ్చింది, ఏ రూలు మారింది అని అడగాలె.

మా తెలుగు పిల్లలకు ఇక్కడ అసలు అడ్డం డొమిసైల్. మహారాష్ట్రల 15 ఏండ్ల నివాసం చూపియ్యాలె. చదువు మంచిర్యాల, భూపాలపల్లి దిక్కు జేసినోళ్లు స్కూలు కాగితాలతోని ఇది చూపియ్యలేరు, తల్లిదండ్రుల భూమి పత్రం, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు పట్టుకోవాలె. కులం సర్టిఫికెట్ ఉన్నా సరిపోదు, రిజర్వేషన్‌కు కులం వ్యాలిడిటీ (పరిశీలన కమిటీ ఇచ్చే పత్రం) వేరేగా తీసుకోవాలె. తెలంగాణల బీసీ అని రాసిన కులం ఇక్కడ ఏ పట్టికల ఉన్నదో ముందు చూసుకోవాలె. నమోదు జేసేటప్పుడు తప్పు కేటగిరీ పెడితే తర్వాత సర్టిఫికెట్ల తనిఖీలనే పోతది ఉద్యోగం.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ చాలా థాంక్స్ అండీ. పాతకార్డు గారూ, రెండు సందేహాలు మిగిలాయి. కంపెనీలు, ఆఫీసులు ఖాళీలన్నీ ఎక్స్ఛేంజికి చెప్పాలని చట్టం ఉందంటారు కదా, మరి కార్డున్నవాళ్లకు పిలుపులు ఎందుకు రావడం లేదు? జిల్లాకు విడిగా సర్వే శాతం ఎక్కడైనా దొరుకుతుందా?

పాతకార్డు, బరంపురం

చట్టం ఉంది, కానీ అందులో ఏముందో చదివితే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో తెలుస్తుంది. పాత చట్టం 1959లో చేశారు, 1960 మే 1 నుంచి 2025 నవంబరులో కొత్త కోడ్ వచ్చేవరకు అమల్లో ఉంది. గవర్నమెంటు సంస్థలన్నీ, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీల్ని ఎక్స్ఛేంజికి తెలియజేయాల్సి ఉండేది, ఇంటర్వ్యూకు కనీసం 15 రోజుల ముందు. మూడు నెలలకోసారి ఈఆర్-1 అనే రిటర్ను పంపాల్సి ఉండేది, త్రైమాసికం ముగిసిన 30 రోజుల లోపు. ఎందరు పనిచేస్తున్నారు, ఖాళీలు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎలా నింపారు అన్నవి అందులో ఉండేవి. రెండేళ్లకోసారి ఈఆర్-2, అందులో ఏ వృత్తివాళ్లు ఎందరో విడదీసి రాయాల్సి ఉండేది.

ఇక మినహాయింపులు చూడండి. వ్యవసాయం పని, ఇంటిపని, మూడు నెలల కన్నా తక్కువ కాలం ఉండే పని, నైపుణ్యం అక్కర్లేని ఆఫీసు పని, వీటికి తెలియజేయనక్కర్లేకపోయేది. మన జిల్లాల్లో పుట్టే పనుల్లో చాలా భాగం అక్కడే పోయింది. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్స్ఛేంజి పంపిన మనిషినే తీసుకోవాలని చట్టం ఎక్కడా అనలేదు. తెలియజేయడం వరకే బాధ్యత ఉండేది. తెలియజేయకపోతే మొదటిసారి 500 రూపాయలు, తర్వాత 1,000 రూపాయల వరకు జరిమానా ఉండేది, ఆ అంకెలు 1959 నుంచి ఆ చట్టం పోయేదాకా అలాగే ఉండిపోయాయి. దానికి భయపడే కంపెనీ ఉంటుందా?

గవర్నమెంటు పోస్టులకు కూడా 1996లో సుప్రీంకోర్టు కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో ఎక్స్ఛేంజి నుంచి పేర్లు పిలవడంతోపాటు పత్రికల్లో ప్రకటన కూడా ఇవ్వాలి, దరఖాస్తు చేసిన అందర్నీ పరిశీలించాలి అంది. కార్డు లేనివాళ్లకూ అవకాశం ఉండాలన్నది న్యాయమే. కానీ ఆ తర్వాత ఎక్స్ఛేంజి జాబితా పట్టు సడలింది. కార్డు ఇప్పుడు పిలుపు తెచ్చే కాగితం కన్నా, కొన్ని నోటిఫికేషన్లలో అడిగే అర్హత కాగితంగా మిగిలింది. అయినా చేయించుకోమనే చెబుతాను, ఖర్చు లేదు, అడిగిన రోజున లేకపోతే ఆ దరఖాస్తు పోతుంది.

2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఎక్స్ఛేంజిని కెరీర్ సెంటర్ అన్నారు, ప్రైవేటు సంస్థల హద్దు 25 నుంచి 20కి దింపారు. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. సెంటరు పంపినవాళ్లనే తీసుకోవాలన్న బాధ్యత అందులోనూ లేదు.

జిల్లా శాతం సంగతి నాగావళి గారు చెప్పాలి.

నాగావళి ఒడ్డు, రాయగడ

2025 జనవరి నుంచి శాంపిలు తీసేటప్పుడు జిల్లాను ప్రాతిపదికగా తీసుకుంటున్నారు. దేశం మొత్తంలో 22,692 చోట్ల, చోటుకు 12 ఇళ్ల చొప్పున ఏడాదికి 2,72,304 ఇళ్లు. ఎంచిన ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్లి అడుగుతారు. ఇంత పెద్దదిగా కనిపించినా దేశంలోని జిల్లాలన్నిటికీ పంచితే గజపతి లాంటి చిన్న జిల్లాకు వచ్చే ఇళ్లు కొద్దివే. అందులో నిరుద్యోగులు గుప్పెడుమంది. ఆ గుప్పెడు మీద కట్టిన శాతం ఇద్దరు అటో ఇటో అయితే తలకిందులవుతుంది. నెలవారీ బులెటిన్ దేశం మొత్తానికి, త్రైమాసికం రాష్ట్రాలకు. కాబట్టి వినతిపత్రంలో ఒడిశా రాష్ట్ర శాతం రాయండి, పక్కనే ఏ కాలానిది, ఏ స్థితిది, ఏ వయసుది అని మూడు మాటలు రాయండి. 15 ఏళ్లు దాటిన అందరిదీ వేరు, 15 నుంచి 29 ఏళ్ల యువతది వేరు. మీ వాదనకు పనికొచ్చేది యువత అంకె.

ఇది మన దేశానికే ఉన్న చిక్కు కాదు. ఫ్రాన్స్‌లో 2025 జనవరి నుంచి కనీస ఆదాయ సాయం తీసుకునేవాళ్లందర్నీ ఎంప్లాయిమెంట్ ఆఫీసులో నేరుగా నమోదు చేశారు. ఆఫీసు లెక్క పెరిగింది, దేశంలో పనులు పోయినందుకు కాదు. జర్మనీలో వారానికి 15 గంటల కన్నా తక్కువ పని చేసేవాడు ఆఫీసు రిజిస్టరులో నిరుద్యోగిగానే ఉండొచ్చు, సర్వేలో మాత్రం పనిలో ఉన్నవాడు. ఆఫీసు లెక్క ఆఫీసు రూళ్లను కొలుస్తుంది, అంతే.

రుషికుల్య, బరంపురం

కాగితాల ప్రశ్నకు ఎవరూ పూర్తిగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సర్టిఫికెట్లు, ఆన్‌లైన్ ఫారాలు నింపే పనిలోనే ఉంటాను.

ఆంధ్రాలో పది పాసైన పిల్లల మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో చాలాసార్లు ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఒడిశా కాగితాల్లో ఇంటిపేరు చివర రాస్తారు. పోర్టల్‌లో ఈ మూడూ మూడు రకాలుగా ఉంటే ముందు ముందు తనిఖీలో వేరే మనిషి అంటారు. కాబట్టి నమోదుకు ముందే ఆధార్‌ను పదో తరగతి మెమో ప్రకారం మార్పించండి. పుట్టినతేదీ కూడా మెమోదే ప్రామాణికం. నమోదు అయ్యాక మార్పించబోతే రెండు చోట్లా తిరగాలి.

నివాస ధ్రువపత్రం తహసీల్దారు దగ్గరి నుంచి, ఒడిశా ఈ-డిస్ట్రిక్ట్‌లో పెట్టాలి. చదువు అక్కడా ఇల్లు ఇక్కడా ఉన్నవాళ్లు ఒక్క రాష్ట్రంలోనే కార్డు పెట్టుకోవాలి. శ్రీకాకుళంలో కార్డు ఉండి ఇక్కడికి మారాలంటే రద్దు చేయించి కొత్తది తీసుకోవద్దు, బదిలీ అడగండి. బదిలీలో పాత తేదీ వెంట వస్తుంది.

కులం పట్టికలు రెండు రాష్ట్రాలకూ వేరు. ఆంధ్రాలో బీసీ-డి అయిన కులం ఒడిశా ఎస్‌ఈబీసీ (వెనకబడిన తరగతుల) పట్టికలో ఉండాలని లేదు. పట్టికలో ఉందో లేదో చూసి, ఒడిశా తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ మీదే కేటగిరీ వేయించుకోండి. ఆంధ్రా సర్టిఫికెట్ జత చేస్తే జనరల్ కిందకు పోతుంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒడియా. రాష్ట్ర ప్రభుత్వ పోస్టులకు ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా దానికి సమానమైన ఒడియా పరీక్ష రాసి పాసవ్వాలి. తెలుగు మీడియంలో, ఆంధ్రాలో చదివినవాళ్లు డిగ్రీ, పీజీ ఉన్నా ఇక్కడే ఆగిపోతున్నారు. నోటిఫికేషన్ వచ్చాక పరీక్ష రాద్దామంటే కుదరదు, దరఖాస్తు ఆఖరు తేదీ నాటికి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఇంటర్ చదివేటప్పుడే ఈ పరీక్ష రాయించమని తల్లిదండ్రులకు చెప్పండి. మీ వినతిపత్రంలో నేనైతే మొదటి కోరిక ఇదే పెడతాను: పర్లాకిమిడి, గుణుపురం, బరంపురంలో ఒడియా పరీక్షకు ఉచిత తరగతులు, ఏడాదికి ఒకటికన్నా ఎక్కువసార్లు పరీక్ష.

కేంద్రం వాళ్ల ఉద్యోగాల పోర్టల్ ఎన్‌సీఎస్ 2015లో వచ్చింది, అందులో ఐడీ రాగానే ఎక్స్ఛేంజి కార్డు వచ్చేసిందని చాలామంది అనుకుంటున్నారు. మీ జిల్లా ఎక్స్ఛేంజి పేరుతో రిజిస్ట్రేషన్ నంబరు, రెన్యువల్ తేదీ ఉన్న ప్రింటు చేతికొచ్చిందా అని చూసుకోండి. ఆ నంబరు లేకపోతే కార్డు లేనట్టే.

పాతకార్డు, బరంపురం

రుషికుల్య గారు చెప్పిన ఒడియా మాట అక్షరాలా నిజం. వినతిపత్రానికి ఇంకొక్క సలహా. లైవ్ రిజిస్టరు మొత్తం ఎంత అని అడగొద్దు, దాన్ని విడదీసి అడగండి. సమాచార హక్కు కింద జిల్లా ఎంప్లాయిమెంట్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం-ఎ మీదే పెట్టాలి, గుర్తింపు కాగితం జత చేయాలి, ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. తెల్లకాగితం మీద రాసిస్తే తిప్పి పంపుతారు.

అడగాల్సినవి ఇవి. గడిచిన అయిదేళ్లలో ఏడాదికేడాది కొత్త నమోదులు, రెన్యువల్ లేక రద్దయిన కార్డులు, తెలియజేసిన ఖాళీలు, వాటిలో గవర్నమెంటువి ఎన్ని, ప్రైవేటువి ఎన్ని, పంపిన పేర్లు, చేరినవాళ్లు. తర్వాత ఇప్పుడున్న కార్డుల్ని చదువు ప్రకారం, వయసు ప్రకారం, ఆడా మగా ప్రకారం. చివరగా జిల్లాలో రిటర్ను పంపాల్సిన సంస్థలు ఎన్ని, ఆఖరి గడువుకు పంపినవి ఎన్ని. ఈ ఆఖరి రెండు అంకెలూ మాత్రం తప్పకుండా అడగండి బాబూ. నిరుద్యోగుల లెక్క మీద ఎవరైనా వాదన పెట్టొచ్చు. రిటర్ను పంపాల్సినవాడు పంపాడా లేదా అన్నదాని మీద వాదన ఉండదు, పంపనివాడికి నోటీసు ఇవ్వమని కలెక్టరు గారిని నేరుగా కోరవచ్చు.